మగ్గం గుంత మీద వీణ

మా ఆయన హైస్కూలు మాస్టరు. పందొమ్మిది వందల యాభైల్లో బదిలీ మీద కడప జిల్లాలో ఒక నేతవాళ్ళ ఊరికి కాపురం మార్చాము. దొరికిన ఇల్లు ఒక నేత పెద్దాయనది. ఊళ్ళో నూలు దొరకక ఆయన మగ్గం విప్పి అటక మీద పెట్టి, భార్యతో సహా కూలికి నేస్తూ పక్క ఊళ్ళోనే ఉండడానికి పోతున్నాడు.

ముందు గది తొమ్మిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. అందులో కిటికీ కింద, వెలుతురు బాగా పడే చోట, తొడ లోతు గుంత. మగ్గం ముందు కూర్చున్న మనిషి కాళ్ళు దింపుకునేది అందులోకే.

"ఏమన్నా సేసుకోండమ్మా, గుంతను మాత్రం పూడ్సాకండి" అన్నాడు పెద్దాయన తాళం ఇస్తూ. మా ఆయన తల ఊపాడు. నేను ఊపలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

గది సర్దాను. రెండు పేము కుర్చీలు ఒక గోడకు, పుస్తకాలు గూట్లో, కిటికీకి ఊళ్ళో నేసిన గుడ్డే తెర. నా వీణకు చోటు దొరకలేదు. రాజంపేటలో మా అమ్మ ఇచ్చిన వీణ, కాలేజీ హాస్టల్లో కూడా వదలనిది. గుంత పోగా మిగిలింది వీధి తలుపు నుంచి వంటింటికి నడిచే దారి. అక్కడ వాయించుకుంటూ కూర్చుంటే బిందెతో వచ్చేవాళ్ళంతా నన్ను దాటుకుని పోవాలి. వంటింట్లో పెడదామంటే పొగ. రెండు నెలలు మా ఆయనతో వాదించి, చివరికి ఆయనకు చెప్పకుండానే గుంతలో మట్టి పోయించాను. నాపరాళ్ళు తెచ్చి గడప పక్కన పెట్టించాను, పైన పరచడమే మిగిలింది.

అటక మీది మగ్గానికి చెదలు పట్టిందేమో చూసుకునేందుకు పెద్దాయన వచ్చాడు. గడపలోనే నిలబడిపోయాడు.

"ఏమ్మా, గుంత యాడికి పాయ?"

"పూడ్పించినాను. ఇల్లంటే కూర్చునేందుకు గానీ, పడేందుకు కాదు గదా."

"ఇల్లు మీకిచ్చినా. గుంతను ఈలేదు."

"అట్లయితే గుంతను కూడా నెత్తిన పెట్టుకుపోవాల్సింది. వదిలిపెట్టి పోతివెందుకు?"

ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"మగ్గం యాడ దింపుకునేది తల్లీ? నేను తిరిగొచ్చేతలికి ఈడ బండలుంటే, నన్నింక నేసేవాడని ఎవురంటారు?"

నేను వంటింట్లోకి పోయి మజ్జిగ కలుపుకొచ్చాను. ఆయన అటకెక్కి ఒక్కొక్క కొయ్యా దులిపి, దిగి, నేనిచ్చిన మజ్జిగ తాగకుండా వెళ్ళిపోయాడు.

మరునాడు గుంతలోకి దిగి మట్టి నేనే తట్టకెత్తాను. రాత్రే సంగతంతా విన్న మా ఆయన బడికి బయల్దేరుతూ ఆగాడు.

"నిన్న గెలిచింది నువ్వే గదే?"

"గెలిచినాను కాబట్టే ఎత్తుతాండా. నువ్వు పో."

వడ్రంగితో నాలుగు మామిడి పలకలు కోయించి గుంత మీద పరిచాను. పైన చాప, చాప మీద వీణ. మొదటి తీగ మీటగానే చెయ్యి ఆపి మళ్ళీ మీటాను. కింద బోలుగా ఉన్న గుంత నాదాన్ని పట్టుకుని నెమ్మదిగా వదులుతోంది. అంత నిండుగా నా వీణ ఎన్నడూ పలకలేదు. ఈ మాట మాత్రం నేను ఎవరితోనూ ఒప్పుకోలేదు.

ఏడాది తిరక్కముందే పెద్దాయన మళ్ళీ వచ్చాడు. చాప చుట్టి, పలకలు పక్కకు జరిపి, గుంత అంచున కూర్చుని కాళ్ళు దింపాడు. పాదాలతో అడుగంతా తడిమాడు.

"చెమ్మ లేదు. బాగ పెట్టినావు తల్లీ. ఊళ్ళో మళ్ళా నూలిస్తాండారు."

ఆ ఇంట్లోంచి కదలకుండా ఉండేందుకు నేను శాస్త్రోక్తంగా ఆరు కారణాలు సిద్ధం చేసుకుని ఉన్నాను.

"ఎప్పుడు ఖాళీ చేయమంటావు?" అన్నాను.

"నేనెట్ల సెప్పేది? మీకు ఎప్పుడు కుదిరితే అప్పుడు."

దాంతో ఆరూ పనికిరాకుండా పోయాయి. పది రోజుల్లో వేరే ఇల్లు చూసుకున్నాము. సామాను బండికెత్తే రోజు ఆయన పలకల వైపు చూశాడు.

"అవి ఉంచిపోతారేమో అనుకుంటి. మనవరాళ్ళు పడకుండా కప్పుకుందునే."

"గుంత నీది, పలకలు నావి" అన్నాను. ఆయన నవ్వాడు. ఈసారి మజ్జిగ తాగాడు.

కొత్త ఇంట్లో గది పెద్దది, నేలంతా నున్నటి నల్ల బండలు. వీణ నేల మీద పెట్టి వాయిస్తే ఎండిన గొంతుతో మాట్లాడినట్టుంది. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడోనాడు కిటికీ కింద మధ్యలో బోలు వదిలి ఇటుకలు పేర్చి, వాటి మీద ఆ నాలుగు పలకలూ వేశాను. వచ్చినవాళ్ళు అది కూర్చునే అరుగనుకుని ఎక్కబోయేవాళ్ళు. కుర్చీలు చూపించేదాన్ని.