గెల దింపే చెయ్యి

రాజమహేంద్రవరంలోని మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి కళ్లకు తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్ వచ్చినప్పుడు అందులో ఉన్నది బెలూన్లు పగలగొట్టే ఆట ఒక్కటే. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన చిట్టియ్య గారు రెండు నిమిషాలకే హెడ్‌సెట్ తీసేశారు. ముప్ఫై ఏళ్లు రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు మోసిన మనిషి ఆయన.

"పిల్లలాటలు నాకెందుకమ్మా," అన్నారు.

ఆయన సహకరించడం లేదని, అక్కడ అసిస్టెంటునైన నేను ఫైల్లో రాసేశాను. మా థెరపిస్టు రూబీ గారు అది కొట్టేశారు. ఆదివారం చర్చి అవగానే రావులపాలెం బస్సెక్కి, చుట్టూ ఉన్నదంతా తీసే కెమెరా పట్టుకుని లారీల మధ్య గంటసేపు నిలబడ్డారు.

సోమవారం చిట్టియ్య గారికి హెడ్‌సెట్‌లో తన మార్కెట్ కనిపించింది. ఎవరో కూలీ లారీలో గెలని దబ్బున పడేశాడు.

"అలాక్కాదురా, కాయ నలిగిపోద్ది. కాడ పట్టుకుని దింపు," అంటూ ఆయన ముందుకు వంగారు. మూడు నెలలుగా లేవని కుడిచెయ్యి ఒళ్లోంచి జానెడు పైకి లేచింది.

నేను సంతోషంతో అరవబోతే రూబీ గారు కళ్లతోనే ఆపారు. ఆయన్ని మాత్రం మామూలు గొంతుతో అడిగారు.

"కాడ ఎక్కడ పట్టుకోవాలండి? ఇంకోసారి చూపించండి."