రాతి మీద పాకే వెలుతురు

బంగారు గనులు మూసేసిన తర్వాత కూడా మేము కార్మికులకని కంపెనీ వరసగా కట్టిన లైనింట్లోనే ఉన్నాం. నేను రోజూ బంగారుపేట మీదుగా రైల్లో బెంగళూరు వెళ్లి, అక్కడొక ప్రయోగశాలలో పరిశోధన చేసేదాన్ని. నాన్న వయసంతా ఆ గనుల్లో, భూమి కింద పనిచేసిన మనిషి. మధ్యాహ్నం కాస్త కునుకు తీసినా ఉలిక్కిపడి లేచేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ అడిగాడు. "అంత దూరం పోయి ఏం చేస్తావమ్మా నువ్వు?"

మన ఒంటి వేడి కూడా కంటికి కనపడని వెలుతురేనని, మామూలు గాజు తీగలో పంపితే గాజే దాన్ని మింగేస్తుందని చెప్పాను. "అందుకని స్ఫటికం మీద సన్నటి దారి చేసి పాకిస్తా ఉండామప్పా. రాయిలో అణువులు వణుకుతా ఉంటాయి. ఆ వణుకుతో కలిసి వెలుతురు పైపైనే పోతాది."

"ఎంత దూరం?"

"రెండు మూడు వెంట్రుకల మందం. అంతే, ఆరిపోతాది."

"ఆరి యాడికి పోతాది?"

"రాయిలోనే వేడిగా మిగులుతాది. అదీ కాసేపే."

నాన్న ముద్ద కలపడం ఆపేశాడు. ఆయనతో జతగా పనిచేసినవాడు ఎయిర్ బ్లాస్టులో, అంటే లోపల బండ పగిలి కూలినప్పుడు, పోయాడని నాకు తెలుసు. తెలియంది ఆయన కంచం వైపే చూస్తూ చెప్పాడు.

"రాళ్ల సందులో వాని చెయ్యొకటే అందింది. పట్టుకున్నాను. వెచ్చగా ఉండింది. పైకి రమ్మని అరిచినారు. వదిలేసి వచ్చేసినాను. ఊపిరి ఉండిందేమో, ఇంగ ఎవురికి తెలుసు."

అమ్మ కూడా ఆ మాట వినడం అదే మొదలు.

మర్నాడు ప్రయోగశాలలో వెలుతురును కొలిచే పరికరం సూదిమొన స్ఫటికం మీద నెమ్మదిగా కదులుతుంటే, తెరమీద వెలుతురు చారలు చారలుగా వచ్చి, పోనుపోను పలచబడి మాయమైంది. ఎంత దూరానికి ఆరిందో కొలిచి రాయడం నా పని. ఆ రోజు రాయలేకపోయాను. చివరి చార దాటాక ఉన్న నల్లటి భాగంలో ఎవరో ఉన్నట్టే అనిపించింది.

తర్వాతి ఆదివారం తనను కామసముద్రం తీసుకెళ్లమన్నాడు నాన్న. చనిపోయినతని భార్య అక్కడ తమ్ముడి ఇంట్లో ఉంటోంది. రాగులు చెరుగుతూ నాన్న చెప్పిందంతా విని, చేట పక్కన పెట్టింది.

"చీకట్లో ఒంటిగా పోయినాడని ఇన్నేండ్లు ఏడ్చినానన్నా. నువ్వు చెయ్యి పట్టుకున్నావని ఒకరైనా చెప్పలేదే."

"పట్టుకొని వదిలేసినానమ్మా."

"నీకూ బిడ్డలుండారు కదన్నా," అంది ఆమె.

ఆమె ఇచ్చిన మజ్జిగ నాన్న తాగలేదు. బస్సు వచ్చేదాకా గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు.

ఆ తర్వాత ఏడాదికోసారి ఆయన ఒక్కడే కామసముద్రం వెళ్లి వచ్చేవాడు. ఏం మాట్లాడుకునేవారో మాకు చెప్పలేదు. మధ్యాహ్నపు కునుకులో కూడా ఉలిక్కిపడి లేవడం మాత్రం ఆగలేదు.