మంచం కింద ఇటుకలు

మా మేస్త్రి పోయాడు. మొన్న గురువారం ఆయన బామ్మర్ది ఊరి నుంచి వచ్చి, మంచం, తాపీ, రసమట్టం తీసుకుంటూ ఆ మాట చెప్పాడు. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం కడుతున్న బిల్డింగుకు నేను వాచ్‌మన్‌ని. రెండేళ్లు ఆయనదీ నాదీ ఒకటే రేకుల షెడ్డు. నాకు పెద్దగా రాయడం రాదు. అయినా చెప్పాలి.

ఆయన కట్టిన గోడలో వంకర ఉండేది కాదు. వరస వరసకీ రసమట్టం పెట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. కూలీలు ఉరుకులాడితే, "మెల్లగ కట్టుండ్రి. గోడకేం తొందర లేదు" అనేవాడు.

దీపావళికి ముందు ఒకరోజు, "అన్నా, రెండు ఇటుకలియ్యి. పండుకుంటే దమ్మాడుతలేదు, తల దిక్కు జర లేపుకుంట" అన్నాడు. ఇచ్చాను. మంచం తలవైపు కోళ్ల కింద ఒక్కోటి పెట్టుకున్నాడు. నెల తిరక్కుండా ఇంకో రెండు అడిగాడు. ఆ తర్వాత మరో రెండు. టీ కొట్టు అక్క నవ్వేది.

"ఏంది మేస్త్రీ, మంచానికి గూడ అంతస్తులు లేపుతున్నవా?"

"పర్మిషన్ లేకుంట కడుతున్న అక్కా. ఎవలికి చెప్పకు."

సిమెంటు దుమ్మే అనుకున్నాం. దుమ్ముకు మంచిదని రోజూ బెల్లం ముక్క ఇచ్చేవాణ్ని. పొద్దుపోయి తిన్నందుకే అని అక్క అనేది. చెప్పులు పట్టనంతగా ఆయన పాదాలు వాచినప్పుడు గానీ చందానగర్ డాక్టరు దగ్గరికి పోలేదు.

డాక్టరు ఆయన కాలు మీద బొటనవేలు నొక్కి తీశాడు. గుంట అలాగే ఉండిపోయింది.

"రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటవ్?"

ఆయన నా వైపు చూశాడు. నేనే చెప్పాను. "దిండ్లు కాదు సార్. ఇటుకలు. మూడేసి."

డాక్టరు కలం కింద పెట్టాడు. "పండుకుంటే దమ్ము రాకపోవడానికి కారణం ఉబ్బసం కావచ్చు, కడుపుల పుల్లనీళ్లు పైకి తన్నుడు కావచ్చు. నీకు మాత్రం గుండె. అది సరిగ్గ పనిచేస్తలేదు, ఊపిరితిత్తులల్ల నీరు చేరుతుంది. మొదటి ఇటుక నాడే రావాల్సింది."

ఒంట్లో నీరు బయటికి పోవడానికి గోలీలు రాసిచ్చాడు. పదిహేను రోజులకు మేస్త్రి రెండు ఇటుకలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "వాపస్ తీస్కో అన్నా." అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత ఆరో అంతస్తు స్లాబులు మొదలయ్యాయి. గోలీ వేసుకుంటే గంటకోసారి ఒంటేలు. "స్లాబు నడుమల ఎన్నిసార్లు దిగాలె అన్నా? ఇయ్యాల ఒక్కరోజు ఆపుత" అన్నాడు. మర్నాడూ అదే మాట. స్లాబులు వరసగా పడ్డాయి. ఒక సాయంత్రం వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఆ రెండు ఇటుకలు మళ్లియ్యి."

గోలీ సంగతి అడగాల్సింది. గట్టిగా మాట్లాడడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. ఇటుకలు తీసి ఇచ్చాను.

అటు తర్వాత వారం కూడా పని చేయలేకపోయాడు. కొడుకు వచ్చి ఊరికి తీసుకుపోయాడు.

మంచం పోయింది. ఇటుకలు అక్కడే ఉన్నాయి, మూడేసి చొప్పున రెండు దొంతరలు. చివరి రోజుల్లో రసమట్టం పెట్టకుండా ఉత్త చేతులతో పేర్చుకున్నవే, అయినా అంచుకు అంచు కలిసి ఉన్నాయి. నేను రోజూ వాటి చుట్టూ ఊడుస్తున్నాను.