రెండు కార్డులు, ఒక కుప్పం పెండ్లి

పుంగనూరు బస్టాండు వెనక సందులో ఒక చిన్న స్టూడియో ఉంది. బోర్డు మీద గురప్ప పేరు ఉంటుంది గానీ, లోపల కూర్చుని పని లాగేది అతని భార్య కుసుమ. గురప్ప పెండ్లిళ్ళకు పోయి ఫోటోలు, వీడియోలు తీసుకొస్తాడు. వాటిని కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి, వధూవరుల పేర్లు పూలతోబాటు ఎగిరి వచ్చేలా చేయడం కుసుమ వంతు. దాన్నే అక్కడివాళ్ళు మిక్సింగ్ అంటారు.

కుసుమది కురబలకోట. పదో తరగతి తప్పాక పెండ్లయి ఈ ఊరొచ్చింది. అప్పట్లో స్టూడియోలో జీతానికి ఒక మిక్సింగ్ ఆయన ఉండేవాడు. ఆయనకు టీ ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా వెనకే నిలబడి తెర చూసేది. ఆయన తిరుపతిలో పెద్ద పని దొరికి వెళ్ళిపోయాక, మౌసు ఈమె చేతికొచ్చింది. మొదటి పెండ్లిలో అప్పగింతల దగ్గర హుషారు పాట వేసి మాటలు పడింది కూడా. ఆ తర్వాత నేర్చుకుంది.

ఆమె కంప్యూటర్లో మొదటినుంచీ ఒకటే గ్రాఫిక్స్ కార్డు. తెరమీద బొమ్మ కదలాలంటే బరువంతా మోసేది అదే. ఇన్నేళ్ళూ బాగానే మోసింది. చిక్కంతా కుప్పం ముద్దుకృష్ణ కొత్త కెమెరా కొన్నాక వచ్చింది.

ముద్దుకృష్ణ కుప్పం వైపు గ్రానైటు యజమానుల ఇండ్లలో పెండ్లిళ్ళు తీస్తాడు. తీసినవన్నీ మిక్సింగుకు కుసుమకే తెస్తాడు. స్టూడియోలో సగం పని అతనిదే. కొత్త కెమెరా తీసేది ఫోర్ కే వీడియో. ఒక్కో బొమ్మ మునుపటికి నాలుగింతలు. పాత కార్డు దాన్ని లాగలేక ఆయాసపడేది. తాళి కట్టే చోట పెండ్లికొడుకు చెయ్యి గాలిలోనే ఆగిపోయేది.

"అక్కా, మదనపల్లెలో మిక్సింగ్ యువరాజ్ కొత్త మిషను పెట్టినాడు. ఆడ నీళ్ళు పారినట్ల పోతాండాది. నువ్వేమో ఈడ పెండ్లికొడుకును నిలబెట్టేసినావు" అన్నాడు ముద్దుకృష్ణ.

"నేను గూడా కొత్త కార్డు ఏస్తానప్పా. శనివారం రా. అదే పెండ్లి రెండిట్లోనూ ఆడిచ్చి సూపిస్తా. బాగలేకుంటే నువ్వు మదనపల్లె బస్సెక్కు, నేనేమీ అనను."

కుసుమ గురప్పను వెంటబెట్టుకుని బెంగళూరు పోయి, కార్డు కొని, పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు అత్త సావిత్రమ్మ చేతిలో పడాలి. మిక్సీ అయినా, మోటారు బండి అయినా, దేవుని గూటిముందు పెట్టి హారతి ఇచ్చాకే వాడకం. కార్డుకూ అదే జరిగింది.

శనివారం పొద్దున ముద్దుకృష్ణ వచ్చాడు. సావిత్రమ్మ వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ముందు పాత కార్డుతో ఆడించారు. బొమ్మ ఆగి ఆగి నడిచింది. ఆ తర్వాత కుసుమ దాన్ని ఊడదీసి కొత్తది పెట్టింది.

పెండ్లికూతురు మెట్లు దిగుతోంది. ఒక మెట్టు దిగింది, ఆగింది. మళ్ళీ కదిలి, ఏకంగా మూడు మెట్లు కిందికి దూకింది. పాతదానికంటే అధ్వానం.

"ఇదేందక్కా, పెండ్లికూతురు కుప్పిగంతులేస్తాండాది?"

కుసుమ ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది. అదే తీరు. ముద్దుకృష్ణ లేచి బ్యాగు సర్దుకున్నాడు.

"ఉండప్పా. పాతది తిరగా ఏసి ఈ ఒక్క పెండ్లన్నా చేసిస్తా. ఆమీట నీ ఇష్టం" అంటూ కొత్త కార్డు ఊడదీసి అతని చేతికిచ్చింది.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలు చూసుకున్నాడు. "అక్కా, నా వేలికి కుంకమ యాల అంటుకున్యాది?"

కార్డు కింది అంచున, మిషనులో దిగబడే చోట, దువ్వెన పళ్ళలాగా బంగారు రంగు గీతలుంటాయి. కరెంటూ బొమ్మలూ పోయే దారి అదే. ఆ గీతలకు అడ్డంగా పసుపు, పసుపు మీద వరసగా కుంకుమ బొట్లు.

"అత్తా! బొట్లు యాడ పెట్టినావు?"

"యాడ పెడతారు? నొసట్నే పెట్నా. అంతా నల్లగా ఉండాది, ఆ ఒక్క చోటే బంగారంగా ఉండాది. అదే మొగమనుకుంటి."

ముద్దుకృష్ణకు నవ్వు ఆగలేదు. "నొసలు గాదవ్వా, నోరు. నోట్లో కుంకమ కొట్నావు, అదెట్ల మాట్లాడతాది?"

"నవ్వు, నవ్వు. నీ కెమెరాకు పెట్టకనే కదా పెండ్లికొడుకు చెయ్యి నిలబడిపోయింది" అంది సావిత్రమ్మ, కాయలు ఒలవడం ఆపకుండానే.

కెమెరా బ్యాటరీ అంచులు మురికిపడితే ముద్దుకృష్ణ పెన్సిలు రబ్బరుతో రుద్దుతాడు. కార్డునూ అట్లాగే రుద్దమన్నాడు. కుసుమ ఆల్బం బల్లమీది రబ్బరు తీసుకుని, పసుపు పోయి గీతలు మెరిసేదాకా మెల్లగా రుద్దింది. ఊదింది. మళ్ళీ మిషనులో పెట్టింది. బటను నొక్కింది.

పెండ్లికూతురు మెట్లన్నీ దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తల తిప్పి నవ్వింది. ఎక్కడా ఆగలేదు. తాళి దగ్గరా ఆగలేదు. కత్తిరించి అతికించిన ఒక పాటను పాత కార్డు వీడియోగా తయారుచేసే లోపల ముద్దుకృష్ణ బజారుకు పోయి టిఫిను తిని రావచ్చు. కొత్తది టీ తాగే లోపల ముగించేసింది.

"ఇదీ పనంటే" అన్నాడతను.

కుసుమ అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోలేదు. అతను పాత కెమెరాతో తీసిన ఒక చెవులు కుట్టే ఫంక్షను తీసి, అది కూడా రెండు కార్డులలోనూ ఆడించింది. పెద్ద తేడా ఏమీ కనబడలేదు.

"సూడప్పా, తేడా అంతా ఫోర్ కేలోనే. చిన్న ఫంక్షన్లకు పాతదే సాలు. కొత్త కార్డని చెప్పి వాటికి జాస్తి అడగను నేను."

ముద్దుకృష్ణ గడ్డం గోక్కున్నాడు. "అట్లయితే చిన్నవి ఇంట్లో నేనే చేసుకుంటాలే అక్కా. ల్యాప్‌టాప్ ఊరికే పడుండాది. పెండ్లిండ్లు మాత్రం అన్నీ నీకే. మదనపల్లెకు పోను."

ఆ మాటతో కుసుమ చేతినుంచి చిన్నవి పోయినట్టే.

"అడిగినాడా ఆయప్ప? నీ నోటికి తాళమే లేదు గదే!" అంది వాకిట్లోంచి సావిత్రమ్మ.

"రేపు ఆయప్పకే తెలిసుంటే నా మొగం యాడ పెట్టుకుందునత్తా?" అని కుసుమ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ముద్దుకృష్ణ హార్డ్ డిస్కు బల్లమీద పెట్టి చెప్పులేసుకుంటున్నాడు. "పోతా పోతా ఒగ మాట చెప్పి పో. పెండ్లికూతురోళ్ళు యా ఊరోళ్ళు?"

"హోసూరు."

"అట్లయితే ఊరేగింపుకు తమిళ పాట ఒగటి ఎయ్యాల" అని, ఆమె వెతకడం మొదలుపెట్టింది.