అమ్మమ్మకు వాయనం

తార్నాకలో మా సందు చివర, యూనివర్సిటీ ప్రహరీగోడను ఆనుకుని మా గుర్రాల తబేలా ఉంది. మా నాన్న పెళ్ళి బరాత్‌లకు గుర్రాలు తిప్పేవాడు. ఆయన పోయాక తబేలా నా నెత్తిన పడింది. పగలు క్యాంపస్‌లో పాఠాలు చెప్తాను, పొద్దునా సాయంత్రం గుర్రాల దగ్గరుంటాను. ఇప్పుడక్కడ ఉన్నవి చాలావరకు వేరేవాళ్ళ గుర్రాలే. నెలకింత అని ఇచ్చి మా దగ్గర ఉంచుకుంటారు, తీరిక దొరికినప్పుడు వచ్చి ఎక్కుతారు. నాది అని చెప్పుకోవడానికి మిగిలింది ఒక ముసలి ఆడగుర్రం, తెల్లది.

గుర్రాలతో నాకెప్పుడూ తంటా లేదు. తంటా అంతా పిల్లలతోనే. స్వారీ నేర్చుకుంటామని క్యాంపస్ క్వార్టర్స్ నుంచి, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల నుంచి, లాలాపేట్ నుంచి వస్తారు. గేటు దగ్గర్నుంచే పరుగు. గుర్రం వెనకనుంచి పోవద్దురా అంటే సరిగ్గా వెనకనుంచే పోతారు. లద్దె కనబడితే చాలు, "ఛీ, యాక్!" అని ముక్కులు మూసుకుని గంతులు. అందరికన్నా గట్టిగా అరిచేది మూడో తరగతి చదివే ఒక బక్కపిల్ల. ఆ ఒంట్లో అంత గొంతు ఎక్కడ పెట్టుకుందో ఆ దేవుడికే తెలియాలి. ఇక అడిక్‌మెట్ రూముల నుంచి వచ్చే పొడుగాటి డిగ్రీ పిల్లాడొకడు. గుర్రమెక్కి ఫోన్‌లో తన వీడియో తీసుకోవడం, జుట్టు సవరించుకోవడం, ఇదే వాడి స్వారీ. "నీ మొకం తర్వాత చూసుకో నాయనా, ముందుగాల కళ్ళెం పట్టుకో" అని రోజూ అరవాల్సిందే. నేను అరిస్తే సందు మొదట్లో ఇస్త్రీ బండి దాకా వినిపిస్తుందట.

ఆ ముసలి గుర్రం మాత్రం వీళ్ళందరినీ భరించేది. బ్యాండ్ మేళాలు, పటాకులు, డీజేల మధ్య పెళ్ళికొడుకులను మోసీ మోసీ దానికి ఏ చప్పుడూ లెక్క లేదు. పిల్లలు మెడకు వేలాడినా కళ్ళు సగం మూసుకుని నిలబడేది. అందుకే వాళ్ళు దాన్ని అమ్మమ్మ అని పిలిచేవాళ్ళు. నన్ను ఆంటీ, దాన్ని అమ్మమ్మ! వరస చూడండి.

నేను పెట్టిన రూలు ఒక్కటే. నాకు చెప్పకుండా ఏ గుర్రానికీ ఏమీ తినిపించొద్దు. "పెట్టినోళ్ళు మళ్ల గీ గేటు మొకం చూడరు, యాదుంచుకోండ్రి" అని అందరికీ గట్టిగా చెప్పాను.

పోయిన ఏడు సద్దుల బతుకమ్మ మరునాడు, బడులకు సెలవులు కదా, పొద్దున్నే అందరూ హాజరు. నేను పచ్చిగడ్డి కోసం బయటికి పోయి, ఎండెక్కాక తిరిగొచ్చాను. తబేలా నిశ్శబ్దంగా ఉంది. పిల్లలున్నారు, అరుపుల్లేవు.  లోపల అమ్మమ్మ ముందుకాలితో నేలను గీరుతోంది, మెడ తిప్పి తన డొక్కవైపే చూసుకుంటోంది. ఒళ్ళంతా చెమట. గుర్రానికి కడుపునొప్పి అంటే మనకు వచ్చినట్టు కాదు. దానికి కక్కుకోవడం రాదు. లోపల తిండి అడ్డుపడిందంటే ప్రాణం మీదికే వస్తుంది. మా నాన్న చేతుల్లో ఒక మంచి గుర్రం అట్లాగే పోవడం నేను చూశాను.

ఫోన్ చేస్తే, పండగపూటైనా పాపం పశువుల డాక్టర్ వచ్చాడు. పొట్టకు చెవి ఆనించి విన్నాడు. "ఏం తిన్నదమ్మా ఇది?"

"రోజూ తినేదే."

"కాదు, ఏరే ఏదో తిన్నది. ఏందో తెలిస్తే నాకు పని సులువైతది."

పిల్లల వైపు తిరిగాను. "ఎవరు ఏం పెట్టిండ్రు? చెప్పుండ్రి!"

 అందరూ తమ చెప్పుల వంక చూస్తున్నారు. చెప్తే గేటు బయటికే అని వాళ్ళకు తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది. "అది సచ్చిపోతది! సమజైతున్నదా? సచ్చిపోతది!" అని అరిచాను. 

అప్పుడు ఆ బక్కపిల్ల ముందుకొచ్చింది. అంత గొంతూ ఆ పూట బయటికే రాలేదు. "నేను వాయనం ఇచ్చిన ఆంటీ."

"ఏం ఇచ్చినవ్?"

"వాయనం. నిన్న మా అమ్మోళ్ళు అందరు ఇచ్చుకున్నరు గద. అమ్మమ్మకు ఎవ్వరియ్యలే. గందుకే మలీద ముద్ద తెచ్చి..."

సద్దుల నాడు బతుకమ్మను సాగనంపాక మా ఆడవాళ్ళు ఒకరి కొంగులో ఒకరు ప్రసాదం పెట్టుకుంటారు. ఇచ్చే మనిషి "ఇస్తినమ్మ వాయనం" అంటే, తీసుకునే మనిషి "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంటుంది. గుర్రానికి మాట రాదు కాబట్టి ఆ రెండు మాటలూ తానే అని, రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి పిసికిన ముద్దను దాని నోట్లో పెట్టిందట.

"ఒక్క ముద్దేనా?" అన్నాడు డాక్టర్.

"నేను గూడ ఇచ్చిన" అన్నాడు వెనకనుంచి ఒకడు. "నేను రెండిచ్చిన." "నేను పల్లి సత్తుపిండి పెట్టిన." చర్చికి పోయే ఇంటి పిల్ల, "పక్కింటోళ్ళు పెట్టింది నేను తినకుంట తెచ్చిన" అని ఏడుపు మొదలుపెట్టింది. చివరికి మా డిగ్రీవాడు కూడా తల గోక్కుంటూ, "మా అమ్మ ఊరి నుంచి పంపిన మలీద డబ్బా, మేడం. మొత్తం పెట్టేసిన" అన్నాడు. ఒకరికి తెలియకుండా ఒకరు! ఒక్క ముద్దకు ఏమవుతుందిలే అని ప్రతివాళ్ళూ అనుకున్నారు.

కోపం తెచ్చుకోవాలో నవ్వాలో నాకు తెలియలేదు. ఏడుపొచ్చింది.

డాక్టర్ సూది వేసి, ముక్కులోంచి గొట్టం దించి కడుపులోకి నూనె పోశాడు. "లద్దె పడేదాంక ఏం పెట్టకుండ్రి. పండుకోనియ్యకుండ్రి, మెల్లగ నడిపియ్యుండ్రి. లద్దె పడ్డదంటే బతికినట్టే" అని చెప్పి పోయాడు.

నడిపించాం. అంతమంది పిల్లలున్నా ఒక్క పరుగు లేదు, ఒక్క కేక లేదు. ఒకరు కళ్ళెం పట్టుకుంటే ఒకరు మెడ నిమురుతున్నారు, చిన్నవాళ్ళు దారిలో రాళ్ళు ఏరేస్తున్నారు. డిగ్రీవాడి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది, వాడు జేబులోంచి తియ్యనే లేదు. పిల్లలను అన్నానికి పిలవడానికి వచ్చిన తల్లులు సంగతి విని గోడకానుకుని కూర్చుండిపోయారు. ఒకావిడ ఇంటికి పోయి అందరికీ పులిహోర పట్టుకొచ్చింది. ఎవరూ ముట్టలేదు. "అమ్మమ్మ తినకపాయె, మేమెట్ల తింటం?" అన్నాడు ఒక బుడ్డోడు. వాణ్ణి ఎత్తుకుని ముద్దాడాలనిపించింది. ముక్కు చీదుకుని అటు తిరిగాను.

పొద్దు వాలుతోంది. అమ్మమ్మ తల ఇంకా కిందికే వేలాడుతోంది. మళ్ళీ డాక్టర్‌కు ఫోన్ చేద్దామని గేటు దగ్గరికి వచ్చాను. అంతలో లోపల ఒక్కసారిగా అరుపులు, పరుగులు. అయిపోయింది, పడిపోయింది అనుకున్నాను. వెనక్కి తిరిగాను.

బక్కపిల్ల ఉరికొస్తోంది. ఉన్న గొంతంతా పెట్టి అరుస్తోంది. "ఆంటీ! ఏసింది! అమ్మమ్మ లద్దె ఏసింది ఆంటీ!"

నేను నమ్మనేమో అని సాక్ష్యం కూడా తెచ్చింది. లద్దె కనబడితే అల్లంత దూరాన ముక్కు మూసుకునే పిల్ల, దోసిట్లో వెచ్చటి లద్దె పెట్టుకుని నా ముందు నిలబడింది. బుగ్గల మీద కన్నీళ్ళు ఇంకా ఆరలేదు, మొహమంతా నవ్వు.

"నన్ను గేటు బయటికి పంపవ్ గద ఆంటీ?"

నేను కొంగు పట్టాను.

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నాను.