ఫ్యాక్టరీని కుర్చీలోంచే ఆపబోయిన మొనగాణ్ణి

శత్రువుల అవసరం లేకుండా, చెమట చుక్క చిందకుండా, ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీని నేనొక్కణ్ణే కుర్చీలో కూర్చుని ఆర్పేయబోయాను. నమ్మరా? చివరిదాకా చదవండి, తర్వాత ఏమన్నా పడతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా ఊరు కోడుమూరు నుంచి కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్టు పట్టుకొచ్చి అక్కడ చేరాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఫ్యాక్టరీలో వచ్చే, పోయే, లోపల్లోపల తిరిగే మెయిళ్లన్నిటికీ కాపలా కాసే సాఫ్ట్‌వేరును చూసుకోవడం నా పని. అనుమానమున్న మెయిల్‌ను అది ఆపేస్తుంది; ఆపిన సంగతి మేనేజరు ఓబుల్‌రెడ్డి సారుకూ నాకూ మెయిల్‌లోనే రిపోర్టు చేస్తుంది. ఏయే మాటలుంటే అనుమానించాలో చెప్పే అధికారం మాత్రం నాది. అది చేతికొచ్చిన రోజు నా ఛాతీ గండికోట బురుజంత అయింది.

హైదరాబాదు హెడ్డాఫీసువాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా "మీ సీమలో బాంబులు కుశలమేనా?" అని ఇకిలించేవాళ్లు. నాకు రోషం పొడుచుకొచ్చింది. మా గడప తొక్కే మెయిల్‌లో మందుగుండు వాసనే ఉండకూడదని బాంబు, డిటొనేటర్, బ్లాస్టింగ్ అనే మాటలన్నిటినీ నిషేధించాను. ఎక్కడ? క్వారీలో సున్నపురాయిని పేల్చి బతికే ఫ్యాక్టరీలో! పెళ్లిపందిరి వాకిట్లో నిలబడి పెళ్లికొడుకును తరిమేసేవాడు కూడా నాకంటే తెలివైనవాడే.

మర్నాడు పొద్దున ఓబుల్‌రెడ్డి సారు నా గదిలోకి దూసుకొచ్చారు. వెనకాలే క్వారీ ఫోర్‌మన్ ఖాజా భాయ్.

"ఏమప్పా, బ్లాస్టింగు పర్మిషన్ మెయిలొచ్చిండాదా?"

"లేదు సార్. మన సిస్టం కూడా ఏదీ ఆపలేదు. ఒక్క రిపోర్టు గూడా రాలేదు సూడండి!" అన్నాను, మీసం లేకపోయినా తిప్పుకుంటూ.

"రాతికుప్ప అడుగంటింది సార్," అన్నాడు ఖాజా భాయ్. "మధ్యాహ్నానికి రాయి పడకపోతే కిల్న్ ఆర్పాల్సిందే."

కిల్న్ అంటే సిమెంటు రాయిని కాల్చే పెద్ద కొలిమి. ఆరిందంటే మళ్లీ వేడెక్కించేసరికి దినాలు పడతాయి. రాతపూర్వకంగా పర్మిషన్ లేనిదే క్వారీలో పేల్చకూడదు. ఫ్యాక్సులో తెప్పించుకుందామంటే, మెయిల్ వచ్చాక ఇదెందుకని ఆ మిషన్‌ను మూలకు తోయించింది సాక్షాత్తూ నేనే.

సారు హెడ్డాఫీసుకు ఫోన్ చేశారు. నిన్ననే పంపామన్నారట. నేను చెవి దగ్గర చేరాను.

"అబద్ధం సార్! పంపింటే యాడికి పోతాది? గట్టిగా అడగండి."

సారు గట్టిగానే అడిగారు. "మీరు ఆడ ఏసీలో పండుకొని ఈడ మా కిల్న్ ఆర్పుతాండారు!"

అవతల ఉన్నది గుమాస్తా కాదనీ, డైరెక్టరుగారనీ సారు ముఖం పాలిపోయినప్పుడు తెలిసింది. ఫోన్ పెట్టేసి మెల్లగా నా వైపు తిరిగారు. "నీ మాట పట్టుకొని అరిసినా. ఆ మెయిల్ ఈ మిషన్లోనే ఉండాదంటే, నువ్వు సాయంత్రం బస్సుకే కోడుమూరు పోతావు."

అదే క్షణాన సర్వర్ ఫ్యాను రోడ్డురోలరులా మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఆపిన మెయిళ్ల పెట్టె తెరిచాను. అట్టడుగున పర్మిషన్ మెయిల్. దాని మీద "బ్లాస్టింగ్ మెయిల్‌ను ఆపాను" అనే రిపోర్టు. అందులోనూ ఆ మాట ఉంది కదా, దాన్నీ ఆపేసింది! రిపోర్టును ఆపినట్టు ఇంకో రిపోర్టు, దాన్నీ ఆపినట్టు మరొకటి... రాత్రంతా తనను తానే పట్టుకుని, తనమీద తానే ఫిర్యాదు చేసుకుని, ఆ ఫిర్యాదునూ జైల్లో వేసింది నా కాపలాదారు. కుప్ప నల్లమలంత ఉంది.

"ఇదేందప్పా?" అన్నారు సారు.

"శానా... జాగ్రత్తగా పనిచేస్తాండాది సార్."

పర్మిషన్‌ను బయటికి లాగాను. ఖాజా భాయ్ పరుగెత్తాడు. చాలాసేపటికి సైరన్ మోగింది, క్వారీ దద్దరిల్లింది, కిటికీ అద్దాలు అదిరాయి. కిల్న్ బతికింది.

"డైరెక్టరుగారికి నేను మొగం సూపించల్ల. జరిగిందంతా రాసి నాకు సంజాయిషీ మెయిల్ పంపు. అది సూసినాకనే నీ బస్సు సంగతి," అన్నారు సారు.

గుండె కరిగేలా రాశాను. బ్లాస్టింగ్ అనే మాటను ఎందుకు నిషేధించానో వంశచరిత్రతో సహా వివరించాను. పంపాను. సాయంత్రం సారు మళ్లీ వచ్చారు.

"ఏమప్పా, సంజాయిషీ రాయలే?"

"అప్పుడే పంపినా సార్!"

"నాకు రాలేదే."

సారు నన్ను చూశారు. నేను సర్వర్‌ను చూశాను. ఫ్యాను మళ్లీ మొత్తుకుంటోంది. పర్మిషన్‌ను బయటికి లాగానే గానీ, నిషేధాన్ని తీసేయడం మరిచిపోయాను!

సారు కుర్చీలో కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ నవ్వే నన్ను బస్సెక్కకుండా కాపాడింది. ఆనాడు ఆ సర్వర్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరికి క్షమాపణ చెప్పుకోవాల్సివచ్చినా, నడిచివెళ్లి నోటితోనే చెప్పుకుంటాను.