దిష్టి బొమ్మకు కొత్త తాడు

మార్కాపురంలో ఇల్లు కట్టించే వాళ్ళెవరూ దిష్టి బొమ్మ కట్టడం మాత్రం మరిచిపోరు. పాత ప్యాంటు, చొక్కాలో గడ్డి కుక్కి, తలకు కుండ బోర్లించి, దానికి మీసాలు గీసి, రోడ్డున పోయే వాళ్ళందరికీ కనిపించేలా వేలాడదీస్తారు. ఆ బొమ్మల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా నాయన గోడలకు సిమెంటు పూత పూసే మేస్త్రి. ఆదివారం చర్చి, మిగతా రోజులు పరంజా, అంతే ఆయన బతుకు. బట్టల దుకాణం షావుకారు ఒకాయన మేడ కట్టిస్తుంటే ఆ పనికి పోయాడు. సర్వి కర్రల పరంజాకు కట్టిన పీచు తాళ్ళు అంతకు ముందు ఎన్ని ఇళ్ళు చూశాయో, చేత్తో నలిపితే పొడి రాలుతున్నాయి. కొత్త తాడు తెప్పించమని నాయన అడుగుతూనే ఉన్నాడు. చూద్దాంలే అంటూ వచ్చాడు షావుకారు. ఇంతలో దిష్టి బొమ్మ కోసమని కొత్త నైలాన్ తాడు చుట్ట వచ్చింది. బొమ్మను పైకెక్కి కట్టింది కూడా మా నాయనే. మిగిలిన తాడు పరంజాకు ఇమ్మంటే, పూజ చేయించిన తాడు కాళ్ళ కింద వాడకూడదన్నాడట షావుకారు.

మర్నాడే పీచు తాడు తెగింది. నాయన తాను నిలబడిన చెక్కతో సహా ఇటుకల కుప్ప మీద పడ్డాడు. నడుం విరిగింది. నేను పొదిలిలో అత్తగారింటి నుంచి పరుగున వచ్చేసరికి, పక్కకు తిరగాలన్నా అమ్మ చెయ్యి కావలసిన మనిషై మంచంలో ఉన్నాడు.

ఎవరి కన్నో పడిందన్నారు షావుకారు ఇంటివాళ్ళు. దేవుని చిత్తం అన్నారు ప్రార్థన చేయడానికి వచ్చిన మావాళ్ళు. ఆ ప్రార్థనకు నేను ఆమెన్ అనలేదు. తాడు అన్న మాట ఎవరి నోటా రాలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఆ పిడికెడు కూడా ఎవరూ తీసుకోలేదు. పైగా మేస్త్రికే కాలు జారిందని షావుకారు ఊరంతా చెప్పుకొచ్చాడు. విరిగిన నడుం కంటే నాయనను ఎక్కువ బాధపెట్టింది ఆ మాటే.

"తాడు తెగిందని ఆయన నోటితో చెప్పించమ్మా, చాలు. కాలు జారిందంటే ఇన్నేండ్ల నా పని మట్టిలో కలిసిపోతాది," అన్నాడు నాతో.

ఆ ఒక్క మాట కోసమే పోయాను. షావుకారు ఇసుక కుప్ప పక్కన కుర్చీ వేసుకుని పని చూస్తున్నాడు. పైన, నాయన ఆపిన చోటి నుంచే, గిద్దలూరు నుంచి వచ్చిన కొత్త మేస్త్రి పూత పూస్తున్నాడు. ఆయన కాళ్ళ కింద అదే పీచు తాడు. తెగిన చోట ముడి వేశారు. అది చూశాక నాయన చెప్పి పంపిన మాట నాకు గుర్తే లేదు. పెదనాయనా, ముందు ఆ మనిషిని దించు అన్నాను షావుకారుతో. మొన్న తెగిన తాడు అదే కదా అన్నాను. షావుకారు కాదనలేదు. కోప్పడనూ లేదు.

"ఏం భయం లేదు పాపా," అన్నాడు. "ఈసారి రెండు బొమ్మలు కట్టించినా."

తల ఎత్తి చూశాను. రెండింటినీ కొత్త నైలాన్ తాడుతో, గాలికి కూడా కదలనంత గట్టిగా కట్టారు.